హైదరాబాద్ నుండి జిద్దా: దూరాన్ని దేనితో కొలవాలి?

హజ్‌కో ఉమ్రాకో సంకల్పం చేసుకున్న కుటుంబాలలో మొదట వినిపించే ప్రశ్నలలో ఒకటి, ఇక్కడి నుండి అక్కడికి ఎన్ని గంటల ప్రయాణం అన్నది. సౌదీలో ఉద్యోగం దొరికిన కుమారుణ్ణి సాగనంపే తల్లి అడిగేదీ అదే. సమాధానం సులభమే. శంషాబాద్ విమానాశ్రయం నుండి జిద్దాకు భూగోళంపై అతి దగ్గరి మార్గం దాదాపు 4,100 కిలోమీటర్లు. మధ్యలో ఎక్కడా దిగకుండా నేరుగా వెళ్ళే విమానంలో సుమారు ఆరు గంటల ప్రయాణం.

ఈ సమాధానం మనకు ధైర్యాన్నిచ్చింది. దానితోపాటు ఒక ఏమరుపాటునూ తెచ్చింది. ఆరు గంటలే కదా, ఇంతమాత్రానికి కస్ర్ ఎందుకని సందేహించేవారు మనలో ఉన్నారు. ఆరు గంటలే కదా, జిద్దాలో దిగాక ఇహ్రామ్ ధరించవచ్చులే అనుకునేవారున్నారు. ఆరు గంటలే కదా, ఎప్పుడు కావాలంటే అప్పుడు రావచ్చులే అని వెళ్ళి, ఏళ్ళు గడిచినా ఇంటి ముఖం చూడనివారూ ఉన్నారు. దూరాన్ని గంటలతో కొలవడం అలవాటైన మనం, షరీఅత్ దాన్ని దేనితో కొలిచిందో మరచిపోతున్నాం. విమానం తగ్గించినది సమయాన్ని మాత్రమే. ప్రయాణికుడికి అల్లాహ్ ప్రసాదించిన సౌలభ్యాలు, అతనిపై ఉంచిన బాధ్యతలు అలాగే ఉన్నాయి. ఈ సంగతిని సవివరంగా పరిశీలిద్దాం.

దూరాన్ని కొలిచిన విద్వాంసులు

రెండు నగరాల మధ్య దూరాన్ని లెక్కించడం ముస్లిం విద్వాంసులకు కేవలం కుతూహలం కాదు, ఆరాధనకు సంబంధించిన అవసరం. ఖిబ్లా ఏ దిశలో ఉందో తెలియాలంటే తమ ఊరు, మక్కా నగరం భూమిపై ఎక్కడెక్కడ ఉన్నాయో తెలియాలి. అందుకే తొమ్మిదవ శతాబ్దంలో అబ్బాసీ ఖలీఫా మామూన్ ఖగోళవేత్తలను నేటి ఇరాక్‌లోని సింజార్ మైదానానికి పంపి, భూమిపై ఒక డిగ్రీ ఎంత పొడవు ఉంటుందో కొలిపించాడు. 973లో ఖ్వారిజ్మ్ ప్రాంతంలో జన్మించిన అబూ రైహాన్ అల్ బీరూనీ నగరాల స్థానాలను, వాటి మధ్య దూరాలను నిర్ణయించే పద్ధతులపై ప్రత్యేకంగా ఒక గ్రంథమే రచించాడు. 1025లో పూర్తయిన ఆ గ్రంథం పేరు ‘తహ్దీద్ నిహాయాతిల్ అమాకిన్’. తాను నివసిస్తున్న గజ్నా నుండి ఖిబ్లా దిశను నిర్ధారించడం ఆయన ఉద్దేశాలలో ఒకటి. పంజాబ్‌లోని నందనా కోట వద్ద ఒక కొండ ఎత్తును, దాని శిఖరం నుండి దిఙ్మండలం ఎంత దిగువకు కనిపిస్తుందో ఆ కోణాన్ని కొలిచి, భూమి వ్యాసార్ధాన్ని లెక్కగట్టాడు. ఆయన రాబట్టిన ఫలితం నేటి లెక్కకు ఎంతో దగ్గరగా ఉంది.

నేటి విమాన మార్గాలకూ మూలసూత్రం అదే. గోళంపై రెండు స్థలాల మధ్య అతి దగ్గరి దారి, పటంపై గీసిన సరళరేఖ కాదు. గోళం చుట్టూ దారం బిగించి పట్టినప్పుడు ఏర్పడే వంపు అది. జిద్దా హైదరాబాద్ కంటే కేవలం నాలుగు డిగ్రీల మేర ఉత్తరాన ఉంది. పటం చూస్తే దాదాపు నేరుగా పడమర అనిపిస్తుంది. కాని దగ్గరి దారి ఇక్కడి నుండి పడమరకు పన్నెండు, పదమూడు డిగ్రీలు ఉత్తరంగా మొదలై, క్రమంగా నేరు పడమర వైపుకు వంగుతుంది. హైదరాబాద్‌లో మనం నమాజుకు నిలిచే దిశ కూడా ఇదే. అంటే జిద్దాకు బయలుదేరిన విమానం ఇంచుమించు మన ఖిబ్లా రేఖ వెంటే అరేబియా సముద్రాన్ని, ఒమాన్‌ను, సౌదీ ఎడారిని దాటి సాగుతుంది. గగనతల నిబంధనలనుబట్టి, వాతావరణాన్నిబట్టి దారి అటూ ఇటూ కొంత మారుతుంది. కనుక విమానం వాస్తవంగా ప్రయాణించే దూరం లెక్కలోని దూరం కంటే కాస్త ఎక్కువే ఉంటుంది.

పూర్వీకులకు ఈ దూరం ఎంత?

కిలోమీటర్లలో చూస్తే మన పూర్వీకులకూ ఇదే దూరం. సమయంలో చూస్తే మాత్రం పోలికే లేదు. మొగలుల కాలంలో హజ్ యాత్రికులు ఓడ ఎక్కే ప్రధాన రేవు సూరత్. దానికి ‘బాబుల్ మక్కా’, అంటే మక్కా ద్వారం అని పేరు. మన ప్రాంతంలో గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం రేవు నుండి కూడా ఎర్ర సముద్రం వైపు ఓడలు సాగేవి. ఆ తెరచాప ఓడలకు రుతుపవనాలే ఆధారం. గాలి అటు వీచే కాలంలో వెళ్ళాలి, ఇటు మళ్ళే కాలంలో రావాలి. చాంద్రమాన సంవత్సరం సౌర సంవత్సరం కంటే సుమారు పదకొండు రోజులు చిన్నది. కనుక హజ్ రోజులు రుతువులన్నింటిలో తిరుగుతూ ఉంటాయి. గాలి కాలం, హజ్ కాలం కలవని సంవత్సరాలలో యాత్రికులు నెలల తరబడి అక్కడే వేచి ఉండవలసి వచ్చేది.

అక్బర్ మేనత్త గుల్బదన్ బేగం 1576లో సూరత్ నుండి ఓడలో బయలుదేరారు. రాజకుటుంబంలోని పలువురు స్త్రీలు ఆమె వెంట ఉన్నారు. మూడేళ్ళకు పైగా అరేబియాలో గడిపి, పలుమార్లు హజ్ చేశారు. తిరుగు ప్రయాణంలో ఏడెన్ సమీపాన ఓడ దెబ్బతిని నెలల తరబడి అక్కడే చిక్కుకుపోయారు. చివరకు 1582లో ఫతేపూర్ సీక్రీ చేరుకున్నారు. చక్రవర్తి ఇంటి స్త్రీల ప్రయాణమే ఇలా ఉంటే, సామాన్యుల ప్రయాణం ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. హజ్‌కు వెళ్ళేవారు అప్పులు తీర్చి, వీలునామా రాసి, బంధుమిత్రులను క్షమాపణ అడిగి బయలుదేరడం కేవలం ఆచారం కాదు. తిరిగి వస్తామన్న నమ్మకం నిజంగానే తక్కువ.

ఆవిరి ఓడలు వచ్చాక నెలలు వారాలయ్యాయి. తెలుగు ప్రాంతాల యాత్రికులు రైలులో బొంబాయి చేరి, ముసాఫిర్‌ఖానాలో బస చేసి, మొగల్ లైన్ ఓడ ఎక్కేవారు. బొంబాయి నుండి జిద్దాకు సముద్రమార్గం సుమారు 2,300 నాటికల్ మైళ్ళు. ప్రయాణానికి రెండు వారాల దాకా పట్టేది. 1882 నుండి చాలాకాలం పాటు ఎర్ర సముద్రంలోని కమరాన్ ద్వీపంలో ఓడలను నిలిపి, అంటువ్యాధుల భయంతో యాత్రికులను రోజుల తరబడి విడిగా ఉంచేవారు. మక్కా చేరినవారికి నీడనిచ్చేందుకు హైదరాబాద్ సంస్థానం తరఫున అక్కడ రుబాత్‌లు, అంటే వసతిగృహాలు ఏర్పడ్డాయి. భారతదేశం నుండి ఓడలో హజ్ యాత్ర 1995లో పూర్తిగా నిలిచిపోయింది. మన ఇళ్ళలో ఓడలో హజ్ చేసి వచ్చిన పెద్దలు ఇంకా ఉంటే, వారి అనుభవాలను పిల్లలకు వినిపించాలి. ఆ తరం తరువాత వాటిని చెప్పేవారుండరు.

బరువులు మోసి మనుషులను దూరదేశాలకు చేర్చే జంతువులను అనుగ్రహంగా పేర్కొన్న దివ్య ఖుర్ఆన్, ఆ వెంటనే మీరు ఎరుగనివాటిని కూడా అల్లాహ్ సృష్టిస్తాడని నహ్ల్ సూరాలో తెలియజేసింది. ఆరు గంటల ప్రయాణాన్ని కేవలం టికెట్ ధరకు దక్కిన ఫలంగా కాక, ఆ అనుగ్రహంలో భాగంగా చూడడం విశ్వాసి లక్షణం.

గడియారం చెప్పేదంతా నిజం కాదు

సౌదీ సమయం మన సమయం కంటే రెండున్నర గంటలు వెనుక. ఉదయం పది గంటలకు హైదరాబాద్‌లో బయలుదేరి ఆరు గంటలు ప్రయాణిస్తే, అక్కడి గడియారంలో మధ్యాహ్నం ఒకటిన్నర అవుతుంది. చూడడానికి మూడున్నర గంటల ప్రయాణంలా కనిపిస్తుంది. రాత్రి పది గంటలకు జిద్దాలో ఎక్కి అయిదుంబావు గంటలు ప్రయాణించినవారు ఇక్కడ ఉదయం అయిదు గంటల నలభై అయిదు నిమిషాలకు దిగుతారు. చూడడానికి ఏడు గంటల నలభై అయిదు నిమిషాల ప్రయాణంలా కనిపిస్తుంది. ఈ రెండూ భ్రమలే.

వెళ్ళేటప్పటి కంటే వచ్చేటప్పుడు సమయం తక్కువ పట్టడం మాత్రం నిజం. భూమి తిరగడమే దీనికి కారణమని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. భూమితోపాటు దాని వాతావరణమూ తిరుగుతుంది. అసలు కారణం గాలి. ఎత్తయిన ఆకాశంలో, ముఖ్యంగా శీతాకాలంలో, పడమర నుండి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. వెళ్ళేటప్పుడు అవి ఎదురుగాలులు, వచ్చేటప్పుడు వీపును నెట్టే గాలులు.

ఇక ఆరు గంటలన్నది ఆకాశంలో గడిపే సమయం మాత్రమే. కర్నూలు నుండి బయలుదేరే కుటుంబానికి శంషాబాద్ చేరడానికే మూడున్నర, నాలుగు గంటలు పడుతుంది. విమానాశ్రయంలో మూడు గంటల ముందు ఉండాలి. జిద్దాలో తనిఖీలకు, సామాను తీసుకోవడానికి గంటా రెండు గంటలు, అక్కడి నుండి సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని మక్కాకు మరో గంటకు పైగా కావాలి. ఇంటి గడప నుండి మక్కాలోని బస వరకు లెక్కిస్తే పదహారు గంటల దాకా పట్టవచ్చు. వృద్ధులను, మధుమేహం ఉన్నవారిని తీసుకువెళ్ళేవారు ఆరు గంటలకు కాదు, ఈ పదహారు గంటలకు సిద్ధం కావాలి. మందులు చేతిసంచిలో ఉండాలి. వాటిని వేసుకునే వేళలు రెండు దేశాల సమయాల మధ్య ఎలా మారుతాయో ముందే వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి.

షరీఅత్ కొలత ఏది?

విమానంలో హాయిగా కూర్చుని, వేళకు భోజనం చేసి, నిద్రపోయి లేచేసరికి గమ్యం చేరే మనిషికి కస్ర్ సౌలభ్యం ఎందుకు? ఈ ప్రశ్న కొత్తది కాదు. దీని మూలం సహాబాల కాలంలోనే ఉంది. ప్రయాణంలో నమాజును తగ్గించుకోవచ్చని తెలిపే నిసా సూరాలోని ఆయత్ శత్రువుల భయాన్ని ప్రస్తావిస్తుంది. తరువాతి కాలంలో ఆ భయం తొలగిపోయింది. మరి ఇప్పుడు తగ్గించడం ఎందుకని యాలా బిన్ ఉమయ్యా (రజి) హజ్రత్ ఉమర్ (రజి)ను అడిగారు. తనకూ ఇదే ఆశ్చర్యం కలిగిందనీ, దైవప్రవక్త (స)ను అడిగితే, ఇది అల్లాహ్ మీకు చేసిన దానం, ఆయన దానాన్ని స్వీకరించండి అన్న భావంలో సమాధానమిచ్చారనీ ఉమర్ (రజి) తెలిపారు. సహీహ్ ముస్లింలో ఈ హదీసు ఉంది.

మనం గ్రహించవలసిన విషయం ఇందులోనే ఉంది. కస్ర్ అనేది కష్టానికి చెల్లించే కూలి కాదు, ప్రభువు ఇచ్చిన కానుక. అందుకే ధర్మవేత్తలు దాన్ని అలసటతోనో గంటలతోనో కాక దూరంతో కొలిచారు. హనఫీ ధర్మవేత్తలు మూడు రోజుల సాధారణ ప్రయాణాన్ని ప్రమాణంగా తీసుకున్నారు. నేటి లెక్కలో దాన్ని కొందరు ఉలమాలు సుమారు 78 కిలోమీటర్లుగా, మరికొందరు సుమారు 92 కిలోమీటర్లుగా నిర్ణయించారు. ఇతర ఫిఖ్హ్ పాఠశాలల లెక్క 80 కిలోమీటర్లకు కొంచెం అటూఇటూగా ఉంటుంది. ప్రజలు దేన్ని ప్రయాణంగా భావిస్తారో అదే ప్రమాణమని ఇమామ్ ఇబ్నె తైమియ్యా వంటి వారి అభిప్రాయం. ఏ లెక్కన చూసినా 4,100 కిలోమీటర్లు వెళ్ళేవారు నిస్సందేహంగా ముసాఫిర్‌లే. మూడు రోజుల దూరాన్ని వేగవంతమైన వాహనంపై అంతకంటే త్వరగా దాటినవాడు కూడా కస్ర్ చేస్తాడని హనఫీ ఫిఖ్హ్ గ్రంథాలు విమానాల ఊహ కూడా లేని కాలంలోనే స్పష్టం చేశాయి.

కనుక ప్రయాణికుడు జుహ్ర్, అస్ర్, ఇషా నమాజులలో నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేస్తాడు. ఫజ్ర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. స్థానిక ఇమామ్ వెనుక నిలిచినప్పుడు ఆయనతోపాటు నాలుగూ పూర్తి చేస్తాడు. ఒకే ఊళ్ళో పదిహేను రోజులు గాని అంతకంటే ఎక్కువ గాని ఉండాలని సంకల్పించినవారు హనఫీ మస్లక్ ప్రకారం పూర్తి నమాజు చేయాలి. ఇతర ఇమామ్‌ల వద్ద ఈ గడువు సుమారు నాలుగు రోజులు. రెండు నమాజులను కలిపి చేసే విషయంలోనూ అభిప్రాయభేదం ఉంది. హనఫీ మస్లక్‌లో అది హజ్ సమయంలో అరఫాత్, ముజ్దలిఫాలకే పరిమితం. ఎవరు ఏ మస్లక్‌ను అనుసరిస్తున్నారో ఆ ఉలమాలను ప్రయాణానికి ముందే సంప్రదించడం మేలు.

ఆకాశంలో నమాజు, ఉపవాసం

విమానం పడమరకు సాగేటప్పుడు సూర్యుణ్ణి వెంబడిస్తున్నట్లే. ఆరు గంటల ప్రయాణంలో సూర్యుడు ఆకాశంలో సుమారు మూడున్నర గంటల మేరకే కదులుతాడు. నమాజు వేళలు సాగుతాయి. తిరుగు ప్రయాణంలో దీనికి విరుద్ధంగా వేళలు కుంచించుకుపోతాయి. నేలపై గంటా పావు ఉండే ఫజ్ర్ వ్యవధి తూర్పుకు ఎగిరే విమానంలో ముప్పావు గంట, యాభై నిమిషాలకు తగ్గిపోవచ్చు. నిద్రమత్తులో ఉన్న ప్రయాణికుడికి అది చాలా తక్కువ సమయం. రాత్రి విమానంలో తిరిగి వచ్చేవారు కుటుంబంలో ఒకరినైనా మేల్కొని ఉండేలా చూసుకోవాలి. ఇంటి దగ్గరి నమాజు పట్టిక ఆకాశంలో పనికిరాదు. కిటికీలోంచి కనిపించే ఉషస్సు, సూర్యాస్తమయాలే ఆధారం.

వుజూ విమానం ఎక్కే ముందే చేసుకోవడం ఉత్తమం. దిశ విషయంలో ఒక సౌలభ్యం ఉంది. హైదరాబాద్ నుండి జిద్దాకు వెళ్ళే దారిలో విమానం ముక్కు ఇంచుమించు ఖిబ్లా వైపే ఉంటుంది. కూర్చున్న దిశే చాలావరకు నమాజు దిశ. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఖిబ్లా మన వెనుక, అంటే విమానం తోక వైపు ఉంటుంది. ఆ విషయం గుర్తించక, కూర్చున్న దిశలోనే నమాజు చేసేవారు ఉండవచ్చు. ఇతరులకు ఇబ్బంది కలగకుండా నిలబడే చోటు దొరికితే నిలబడి, ఖిబ్లా వైపు తిరిగి నమాజు చేయాలి. వీలుకానప్పుడు ఏం చేయాలి, తరువాత తిరిగి చేయాలా అన్నది కూడా ఉలమాలను ముందే అడిగి తెలుసుకోవలసిన విషయం.

రమజాన్‌లో ప్రయాణించేవారికి ఉపవాసం విడిచి తరువాత పూర్తి చేసే సౌలభ్యం దివ్య ఖుర్ఆన్ ఇచ్చింది. ఉపవాసం పాటించదలచినవారు ఒకటి గుర్తుంచుకోవాలి. హైదరాబాద్‌లో సహరీ చేసి పడమరకు వెళ్తే ఆ పగలు రెండున్నర గంటల వరకు పెరుగుతుంది. ఇఫ్తార్ హైదరాబాద్ వేళకు కాదు, తాము ఉన్న చోట సూర్యుడు అస్తమించాకే. కింద నేలపై చీకటి పడినా, విమానం ఎత్తు నుండి సూర్యుడు కనిపిస్తూ ఉంటే ఇంకా వేళ కానట్లే.

మీఖాత్: గాలిలో దాటే గడప

ఈ ఆరు గంటల ప్రయాణంలో అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం కొద్ది నిమిషాలలో దాటిపోతుంది. అదే మీఖాత్. మదీనా వారికి జుల్ హులైఫా, సిరియా దిశ నుండి వచ్చేవారికి జుహ్ఫా, నజ్ద్ వారికి ఖర్నుల్ మనాజిల్, యమన్ వారికి యలమ్‌లమ్, ఇరాక్ వారికి జాతె ఇర్ఖ్ మీఖాత్‌లు. ఆయా దారులలో వచ్చే ఇతరులకూ అవే వర్తిస్తాయి. ఓడల కాలంలో భారతీయ యాత్రికులు యలమ్‌లమ్‌కు ఎదురుగా వచ్చినప్పుడు ఇహ్రామ్ ధరించేవారు. ఓడ నెమ్మదిగా సాగేది, తగినంత వ్యవధి ఉండేది. ఇప్పుడు విమానాలు సాధారణంగా తూర్పు నుండి ఖర్నుల్ మనాజిల్ ప్రాంతం మీదుగా వస్తాయి. నిమిషానికి పదమూడు కిలోమీటర్ల వేగంతో వెళ్ళే విమానం ఆ రేఖను జిద్దాలో దిగడానికి సుమారు అరగంట ముందే దాటిపోతుంది.

అందుకే జిద్దాలో దిగాక ఇహ్రామ్ అన్న ఆలోచన ప్రమాదకరం. జిద్దాను విమాన యాత్రికులకు మీఖాత్‌గా పరిగణించవచ్చని కొందరు పండితులు అభిప్రాయపడినా అత్యధికులు అంగీకరించలేదు. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ కూడా, విమానంలో వచ్చేవారు తాము దాటే మీఖాత్‌కు ఎదురుగా వచ్చినప్పుడే ఇహ్రామ్‌లో ఉండాలని తీర్మానించింది. హజ్ లేక ఉమ్రా సంకల్పంతో వస్తూ ఇహ్రామ్ లేకుండా మీఖాత్ దాటినవారు తిరిగి మీఖాత్‌కు వెళ్ళి ఇహ్రామ్ ధరించాలి. లేకపోతే హరమ్ పరిధిలో ఒక జంతువును దమ్ము ఇవ్వవలసి వస్తుంది. జీవితమంతా పైసా పైసా కూడబెట్టి బయలుదేరిన యాత్రికుడికి ఇది చిన్న నష్టం కాదు.

దీనికి మార్గం సులభం. పురుషులు ఇహ్రామ్ వస్త్రాలను ఇంటి వద్దనో విమానాశ్రయంలోనో ధరించాలి. వాటిని సామాను పెట్టెలో పెట్టి పంపివేస్తే మీఖాత్ వేళకు చేతికి అందవు. స్త్రీలకు ప్రత్యేక వస్త్రాలు లేవు. శరీరాన్ని కప్పే తమ సాధారణ దుస్తులే చాలు. విమానంలో మీఖాత్ సమీపిస్తోందని ప్రకటించగానే సంకల్పం చెప్పుకుని తల్బియా పఠించాలి. నిద్రపోతామన్న భయం ఉంటే ఇంకా ముందే సంకల్పం చేసుకున్నా చెల్లుతుంది. ముందుగా మదీనాకు వెళ్ళేవారికి మాత్రం విమానంలో ఇహ్రామ్ అవసరం లేదు. వారు మదీనా నుండి మక్కాకు వెళ్ళేటప్పుడు జుల్ హులైఫా వద్ద ధరిస్తారు. 2018లో మొదలైన హరమైన్ రైలులో ఈ 450 కిలోమీటర్ల దూరం రెండున్నర గంటలలోపే దాటవచ్చు. అక్కడా వేగంతోపాటు అప్రమత్తత అవసరమే.

స్త్రీల ప్రయాణం

స్త్రీ మహ్రమ్ లేకుండా దూరప్రయాణం చేయరాదన్న హదీసులలో కొన్నింటిలో మూడు రోజుల ప్రస్తావన, కొన్నింటిలో ఒక పగలు, ఒక రాత్రి ప్రస్తావన ఉంది. ఆరు గంటల ప్రయాణానికి ఇది వర్తించదా అని అడిగేవారున్నారు. ఇక్కడ కూడా హనఫీ ఉలమాలు దూరాన్నే చూస్తారు, కనుక మహ్రమ్ అవసరమంటారు. విశ్వసనీయులైన స్త్రీల బృందంతో ఫర్జ్ హజ్‌కు వెళ్ళవచ్చని షాఫయీ పండితుల అభిప్రాయం. భారత ప్రభుత్వం 2018 హజ్ నుండి నలభై అయిదేళ్ళు దాటిన స్త్రీలు కనీసం నలుగురు బృందంగా మహ్రమ్ లేకుండా వెళ్ళేందుకు అనుమతించింది. ప్రభుత్వ అనుమతి ఒక విషయం, ధర్మాదేశం మరొక విషయం. సోదరీమణులు తమ మస్లక్ ఉలమాలను సంప్రదించి నిర్ణయం తీసుకోవాలి. కుటుంబంలోని పురుషులు కూడా మహ్రమ్ లేడన్న కారణంతో తల్లినో అక్కనో జీవితాంతం ఆపివేయకుండా, తామే తోడు వెళ్ళే మార్గం ఆలోచించాలి.

ఆరు గంటల దూరం, రెండేళ్ళ ఎడబాటు

హజ్, ఉమ్రా యాత్రికుల దూరం ఒకటైతే, జీవనోపాధికి వెళ్ళినవారి దూరం మరొకటి. పాతబస్తీ నుండి, కడప, రాయచోటి, నిజామాబాద్, కరీంనగర్‌ల నుండి గల్ఫ్‌కు వెళ్ళిన మన సోదరులు ఎందరో. వారికీ ఆకాశంలో దూరం ఆరు గంటలే. కాని ఒప్పందం రెండేళ్ళు. సెలవు దొరకాలి, టికెట్‌కు డబ్బు సమకూరాలి. ఆ తరువాతే ఆరు గంటల లెక్క మొదలవుతుంది.

ప్రయాణం ఒక యాతన అనీ, అది మనిషిని తిండికి, నీటికి, నిద్రకు దూరం చేస్తుందనీ, వెళ్ళిన పని పూర్తికాగానే త్వరగా ఇంటివారి వద్దకు మరలిపోవాలనీ దైవప్రవక్త (స) బోధించినట్లు హదీసు గ్రంథాలలో ఉంది. తిండీ నిద్రల ఇబ్బందిని విమానం చాలావరకు తొలగించింది. త్వరగా ఇంటికి మరలాలన్న ఆదేశం మాత్రం అలాగే ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) తన పాలనలో, భర్త యుద్ధరంగంలో ఉన్న ఒక స్త్రీ ఆవేదనను విని, స్త్రీ ఎంతకాలం ఎడబాటును భరించగలదో తన కుమార్తె హఫ్సా (రజి)ను అడిగి తెలుసుకుని, సైనికులను అంతకు మించి ఇంటికి దూరంగా ఉంచరాదని నిర్ణయించారు. ఆ గడువు నాలుగు నెలలనీ, ఆరు నెలలనీ ఉల్లేఖనాలున్నాయి. ఒంటెలపై వారాల తరబడి ప్రయాణించే రోజుల్లో విధించిన గడువు అది. ఆరు గంటల్లో ఇల్లు చేరగల మనం రెండేళ్ళను, మూడేళ్ళను మామూలు విషయంగా తీసుకోవడం న్యాయమేనా? అందరికీ వెసులుబాటు ఉండదన్నది నిజమే. కాని వెసులుబాటు ఉన్నవారు, ఇల్లు కట్టడానికి మరో ఏడాది, పెళ్ళి ఘనంగా చేయడానికి మరో రెండేళ్ళు అంటూ గడువు పొడిగించుకుంటున్నప్పుడు, భార్య హక్కు, పిల్లల హక్కు, వృద్ధులైన తల్లిదండ్రుల హక్కు ఆ లెక్కలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఘనమైన విందు కంటే ఆరు నెలలు ముందుగా ఇంటికి చేరిన తండ్రి పిల్లలకు మేలైన కానుక.

మరణవార్త వచ్చినప్పుడే ఈ దూరం అసలు రూపం బయటపడుతుంది. జనాజాను ఆలస్యం చేయవద్దన్నది ధర్మబోధ. కొడుకు కోసం ఆగమని బంధువులు, ఆగరాదని పెద్దలు అంటూ ఉండగా తల్లి జనాజా ఇంటి ముందు నిలిచిపోతుంది. ఇలాంటి సందర్భంలో బాధ్యతను భుజాన వేసుకోవలసింది అక్కడ ఉన్న కొడుకే. నా కోసం ఆపవద్దు, ఖననం చేయండి అని అతడే చెబితే ఇక్కడివారి భారం తగ్గుతుంది. దూరం వల్ల అతనికి పుణ్యమార్గాలు మూసుకుపోవు. అబిసీనియా రాజు నజాషీ మరణించినప్పుడు దైవప్రవక్త (స) మదీనాలోనే సహాబాలను వరుసలలో నిలిపి జనాజా నమాజు చేయించారు. దీన్ని ఆధారంగా తీసుకుని షాఫయీ, హంబలీ ఉలమాలు దూరాన ఉన్నవారి జనాజా నమాజును అనుమతించారు. అది ఆ సందర్భానికి ప్రత్యేకమని హనఫీ ఉలమాలు భావించారు. అయితే తల్లిదండ్రుల కోసం మగ్‌ఫిరత్ దుఆ చేయడం, వారి తరఫున దానం ఇవ్వడం, వారి అప్పులు తీర్చడం, వారి బంధుమిత్రులతో సంబంధాలు నిలుపుకోవడం అన్నవి ఎక్కడి నుండైనా చేయవచ్చు.

అక్కడ ఉద్యోగంలో స్థిరపడిన సోదరుడు జిద్దాలో పూర్తి నమాజు చేస్తాడు. విమానంలో కస్ర్ చేస్తాడు. స్వస్థలానికి వచ్చినప్పుడు, వారం రోజులే ఉండే ఉద్దేశమైనా, మళ్ళీ పూర్తి నమాజు చేస్తాడు. ఎందుకంటే దాన్ని పూర్తిగా వదులుకోనంతవరకు అతని అసలు ఊరు అదే. హనఫీ ఫిఖ్హ్‌లో స్వస్థలానికి ఇచ్చిన స్థానం ఇది. ఎన్నేళ్ళు దూరంగా ఉన్నా షరీఅత్ అతణ్ణి ఇక్కడ అతిథిగా లెక్కించదు. ఇంటివారూ అలాగే చూడాలి. పెద్ద సెలవుపై వచ్చిన మనిషిని కానుకల పెట్టెతో వచ్చిన చుట్టంలా కాక, ఇంటి బాధ్యతల్లో భాగస్వామిగా తిరిగి చేర్చుకోవాలి.

బయలుదేరే ముందు

ప్రయాణం ఆరు గంటలైనా, ఆరు నెలలైనా సన్నాహం ఒకటే. అప్పులు, అమానతులు రాసి పెట్టాలి. మనసు నొప్పించినవారిని క్షమాపణ అడగాలి. ఇంటివారికి ఖర్చుల ఏర్పాటు చేయాలి. వాహనం కదిలేటప్పుడు, దీన్ని మనకు వశపరచినవాడు అల్లాహ్‌యే అనీ, మనం చివరకు ఆయన వద్దకే మరలిపోవలసినవారమనీ జుఖ్రుఫ్ సూరా నేర్పిన దుఆ చదవాలి. తిరిగి వచ్చేటప్పుడు చెప్పకుండా రాత్రివేళ ఇంటి తలుపు తట్టవద్దని దైవప్రవక్త (స) వారించారు. ముందుగా ఫోన్ చేస్తే ఆ బోధను పాటించినట్లే. ఊరు చేరగానే మస్జిదుకు వెళ్ళి రెండు రకాతుల నమాజు చేయడం ఆయన సున్నత్.

మూడు దుఆలు తప్పక స్వీకరించబడతాయని హదీసు తెలుపుతోంది. అవి పీడితుని దుఆ, ప్రయాణికుని దుఆ, సంతానం విషయంలో తల్లిదండ్రుల దుఆ. విమానంలో కూర్చున్న కొడుకు ముసాఫిర్, ఇంట్లో ముసల్లాపై కూర్చున్నది తల్లి. ఆ ఆరు గంటలను ఫోన్ తెర చూస్తూనో నిద్రలోనో పూర్తిగా కరగనివ్వకుండా, ఇద్దరూ ఒకరి కోసం ఒకరు చేతులెత్తితే ఆ సమయం వృథా కాదు. అల్లాహ్ మన ప్రయాణాలను సులభతరం చేయుగాక! దూరాన ఉన్నవారిని క్షేమంగా తమ ఇళ్ళకు చేర్చుగాక! ఆమీన్.